పేరున్న ముఖాలూ, పేరులేని ముఖాలూ

ఎమిల్ ఓట్టో హొప్పే అనే ఛాయాచిత్రకారుని పేరు మన పాఠకులలో ఎక్కువమందికి తెలిసి ఉండదు. ఇందులో మన తప్పేమీ లేదు. అతడు డెబ్భై ఏళ్ళపాటు కాపురమున్న ఇంగ్లండులోనే అతన్ని మరిచిపోయారు. 1920 ప్రాంతాల లండనులో ఛాయాచిత్రకారుడంటే ముందు అతని పేరే చెప్పేవారు. బెర్నార్డ్ షా, థామస్ హార్డీ, కిప్లింగ్, హెన్రీ జేమ్స్, మన రవీంద్రనాథ ఠాగూరు - అందరూ అతని కెమెరా ముందు కూర్చున్నవారే. అయిదవ జార్జి కూడా కూర్చున్నాడు. అంతటివాడు 1972లో 94వ ఏట కన్నుమూసేనాటికి కళాచరిత్రలో దాదాపు లేనివాడైపోయాడు. మళ్ళీ 2011 ఫిబ్రవరి నుంచి మే వరకు లండనులోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ అతని చిత్రాలతో ఒక పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేసింది. అప్పటినుంచి అతన్ని ఆధునిక ఛాయాచిత్రకళకు తొలినాటి మార్గదర్శకులలో ఒకడుగా లెక్కిస్తున్నారు.

నేను లండన్ వెళ్ళి ఆ ప్రదర్శన చూసినవాణ్ణి కాను. ఆ చిత్రాల అచ్చుప్రతులూ, హొప్పే బతికుండగా వెలువరించిన పుస్తకాల చరిత్రా నాకు ఆధారం. అతని వెలుగునీడల పనితనాన్ని తూచే పని ఇతరులు చేశారు, బాగానే చేశారు. నేనడిగేది వేరే ప్రశ్న. ఒక మనిషి బొమ్మ కింద పేరు ఎప్పుడు రాస్తారు? ఎప్పుడు రాయరు? రాయకపోతే ఏమవుతుంది? చూడడానికిది గుమాస్తా ప్రశ్నలాగే ఉంటుంది. కాని గుమాస్తా రిజిస్టరులో చేరినదాన్నీ చేరనిదాన్నీ బట్టి మనుషుల తలరాతలు మారిన సందర్భాలు చరిత్రలో కొల్లలు.

ముందు ఆ ప్రదర్శన పేరు చూడండి: ‘హొప్పే పోర్ట్రెయిట్స్ - సొసైటీ, స్టూడియో, స్ట్రీట్.’ సొసైటీ అంటే సంఘం అని మనం అనువదించుకుంటాం. సంఘంలో రాజూ ఉంటాడు, రోడ్డు ఊడ్చేవాడూ ఉంటాడు. లండను పెద్దింటివాళ్ళ వాడుకలో ఆ మాటకు మరో అర్థం ఉంది: ప్రభువులు, ధనికులు, వాళ్ళు విందులకు పిలిచే రచయితలు, నాట్యకత్తెలు. తక్కిన జనమంతా ‘స్ట్రీట్.’ నిర్వాహకులు దురుద్దేశంతో ఈ పేరు పెట్టారని నేననను. హొప్పే జీవితమే ఆ విధంగా రెండు భాగాలై ఉంది. అదీగాక ఆ గ్యాలరీని 1856లో బ్రిటిషు చరిత్రలోని ప్రముఖుల రూపాలను సేకరించడానికే స్థాపించారు. అక్కడి గోడమీద చోటు దొరకాలంటే ముఖం కన్నా పేరు ముఖ్యం.

హొప్పే 1878లో మ్యూనిక్‌లో పుట్టాడు. వ్యాపారం నేర్చుకోవడానికి లండన్ వచ్చి, బ్యాంకులో పనిచేస్తూ సరదాకు ఫోటోలు తీశాడు. 1907లో బ్యాంకు వదిలి స్టూడియో తెరిచాడు. 1913లో చిత్రకారుడు జాన్ ఎవరెట్ మిలే నివసించిన పెద్ద భవనంలోకి మారి, 1937 దాకా అక్కడే వ్యాపారం సాగించాడు. 1922లో గూపిల్ గ్యాలరీలో రెండు వందలకు పైగా చిత్రాలతో అతని ప్రదర్శన జరిగింది. నవలాకారుడు గాల్స్‌వర్దీ దానికి పీఠిక రాశాడు.

పేరున్నవాళ్ళు ఈ భవనానికి ముందుగా కబురంపి, తమకు నచ్చిన దుస్తులు వేసుకుని, తీరిక చూసుకుని వచ్చేవారు. తయారైన బొమ్మ వారికి నచ్చాలి. వీధిజనాన్ని తీసేటప్పుడు పద్ధతి మారింది. చిన్న కొడాక్ కెమెరాను కాగితపు సంచిలో దాచి, ఎదుటివాడికి తెలియకుండా మీట నొక్కేవాడు. ఛాయాచిత్ర చరిత్రకారులు దీన్ని సహజత్వం కోసం వేసిన ఎత్తుగా మెచ్చుకుంటారు. సహజత్వం వచ్చిన మాట నిజమే. అయితే సహజంగా పట్టుబడవలసినవాడు ఎప్పుడూ బీదవాడే ఎందుకయ్యాడు? మంత్రిగారి సహజత్వం కోసం కాగితపు సంచి ఎవరూ పట్టుకుపోలేదు.

బీదవాళ్ళను అతడు స్టూడియోకు పిలిపించిన సందర్భాలూ ఉన్నాయి. 1922లో ‘టేకెన్ ఫ్రమ్ లైఫ్’ అనే పుస్తకం వచ్చింది. బొమ్మలు హొప్పేవి, మాటలు రచయిత బెరెస్‌ఫర్డ్‌వి. 1926లో ‘లండన్ టైప్స్’ వచ్చింది. అక్కడ మాటలు పెట్ రిడ్జ్‌వి. ‘టైప్’ అన్న ఆ మాటను గట్టిగా పట్టుకోండి. టైప్ అంటే రకం. వంకాయల్లో రకాలున్నట్టు, పాచిపనిమనిషి ఒక రకం, బిచ్చగాడు ఒక రకం. షా గారు మాత్రం రకం కాదు, ఆయన షా గారే. ఆయనలాంటివాడు మరొకడు లేడన్నదే ఆయన బొమ్మకు విలువ. పనిమనిషి బొమ్మకు విలువ ఆమెలాంటివాళ్ళు వేలమంది ఉన్నారన్నందువల్ల.

ఈ పద్ధతి హొప్పే కనిపెట్టింది కాదు. మనదేశంలో ఇది అతనికన్నా పాతది. 1857 తిరుగుబాటు బ్రిటిషువారిని గడగడలాడించిన తరువాత, పాలితులెవరో తెలుసుకోవాలన్న ఆత్రుత పాలకులకు కలిగింది. ఫర్బెస్ వాట్సన్, జాన్ కే సంపాదకత్వంలో 1868 నుంచి 1875 వరకు ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అనే పేర ఎనిమిది సంపుటాలు వెలువడ్డాయి. నాలుగు వందలకు పైగా ఫోటోలు. వాటి కింద ఎక్కువభాగం కులం పేరో తెగ పేరో, పక్కన ఆ రకం మనుషుల గుణగణాల మీద పాలకుల తీర్పు. ఈ సంపుటాలు అచ్చవుతుండగానే, 1871లో, కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించే చట్టం వచ్చింది. ‘ఈ రకంవాళ్ళు ఇలాంటివాళ్ళు’ అనే వాక్యం పుస్తకంలో ఉంటే పాండిత్యం అనిపించుకుంటుంది. అదే వాక్యం పోలీసు ఠాణాకు చేరితే హాజరుపట్టీ అవుతుంది. తరువాత వచ్చిన అలాంటి చట్టం కింద మన ఎరుకలవారిని బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో పెట్టి హాజరు పిలిచిన సంగతి తెలుగుదేశంలో ఎవరికీ కొత్త కాదు.

హొప్పే మనదేశం వచ్చింది 1929లో. బొంబాయి చూశాడు, ఠాగూరు ఆతిథ్యంలో శాంతినికేతన్ జీవితాన్ని చిత్రించాడు. బొంబాయి బట్టమిల్లుల మహాసమ్మె 1928లో ఆరునెలలపాటు సాగింది. 1929 మార్చిలో మీరట్ కుట్ర కేసు పేర 30 మందికి పైగా కార్మిక నాయకులను అరెస్టు చేశారు. ఆ నాయకుల ఫోటోలు పేర్లతో సహా సర్కారు దస్త్రాలలో ఉన్నాయి. తిరగబడ్డవాడి పేరు సర్కారు జాగ్రత్తగా రాసుకుంటుంది. యాత్రికుడికి కావలసింది మరో రకం భారతీయుడు: తలపాగా, గడ్డం, బుట్ట, గాజులు. రకాలను వెతుకుతూ వచ్చిన కంటికి సమ్మెచేసే మనిషి కనిపించడం కష్టం. ఎంచేతనంటే, సమ్మె చేసేవాడు అప్పటికే ‘రకం’ హద్దు దాటి వచ్చేసి ఉంటాడు.

యాత్రాచిత్రాలలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి రుమేనియావి. 1923లో హొప్పే ఆ దేశంలో తిరిగి, మరుసటి సంవత్సరం ఒక పుస్తకం ప్రకటించాడు. దాని పేరు ‘జిప్సీ గుడారంలోనూ, రాజభవనంలోనూ.’ పీఠిక రాసింది సాక్షాత్తూ రుమేనియా రాణి మేరీ, విక్టోరియా రాణి మనుమరాలు. ఒక చేతిలో గుడారం, మరో చేతిలో రాజభవనం - యాత్రికుడికి రెండూ వింతలే. ఆ రెంటికీ మధ్య ఉన్న సంబంధం వింత కాదు. అది చరిత్ర. ఇంగ్లీషువారు జిప్సీలనే రోమా జాతివారు రుమేనియా నేలమీద అయిదు వందల ఏళ్ళకు దగ్గరగా బానిసలుగా బతికారు. వాళ్ళ యజమానులు ముగ్గురు: రాజు, మఠాలు, భూస్వాములు. మోల్డావియాలో 1855లో, వాలేకియాలో 1856లో బానిసత్వం రద్దయింది. అప్పుడు పరిహారం చెల్లించింది విడుదలైన బానిసలకు కాదు, బానిసలను పోగొట్టుకున్న యజమానులకు. ఖాళీ చేతులతో బయటపడ్డవాళ్ళు గుడారాలు వేసుకున్నారు. 1923నాటికి అది జరిగి 70 ఏళ్ళయినా కాలేదు. హొప్పే కెమెరా ముందు నిలుచున్న ముసలివాళ్ళలో బానిసల బిడ్డలు ఉండి ఉండాలి. ‘జిప్సీ’ అనే ఒక్క మాటలో ఈ చరిత్రంతా మునిగిపోతుంది. గుడారం వాళ్ళ స్వభావమైపోతుంది, సంచారం వాళ్ళ సరదా అయిపోతుంది.

ఇక తరువాతి కథ చెప్పాలి. జర్మనీలో 1936లో రాబర్ట్ రిట్టర్ అనే వైద్యుడి కింద ఒక జాతిపరిశోధనా సంస్థ నెలకొన్నది. ఆ సంస్థవాళ్ళు రోమా, సింతీ కుటుంబాల దగ్గరకు వెళ్ళి తలలు కొలిచారు, వంశవృక్షాలు గీశారు, ఎదురుగా నిలబెట్టీ పక్కకు తిప్పీ ఫోటోలు తీశారు. యుద్ధం ముగిసే సరికి దాదాపు 24,000 మందిని ఈ విధంగా రకాలుగా విభజించి పెట్టారు. ఆ కాగితాల ఆధారంతోనే మనుషులను నిర్బంధ శిబిరాలకు పంపారు. రుమేనియాలో 1942లో ఆంటనెస్కూ ప్రభుత్వం సుమారు 25,000 మంది రోమాలను ద్నీస్టర్ నది అవతల ట్రాన్స్‌నిస్ట్రియాకు తరిమింది. వారిలో 11,000 మంది దాకా ఆకలితో, చలితో, టైఫస్ జ్వరంతో చనిపోయారు.

దీనికి హొప్పేను బాధ్యుణ్ణి చేయడం అన్యాయం. అతని కెమెరా తలలు కొలిచే కెమెరా కాదు. అతని చిత్రాలను తెరిచి చూస్తే ద్వేషం కనిపించదు. 1922లో అతడు అచ్చువేసిన ‘అందగత్తెల పుస్తకం’లో ఐరోపా స్త్రీల పక్కన ఇతర ఖండాల స్త్రీలను కూడా నిలబెట్టాడు. అందం తెల్లతోలు సొత్తని నమ్మే ఆ కాలంలో అది చిన్న సాహసం కాదు. దొరసానిమీద వేసిన వెలుగే పనిమనిషిమీదా వేశాడు. ‘ఇంతకన్నా గౌరవం ఏమిటయ్యా? పేరెందుకు, ముఖం చాలదా?’ అని ఒక చిత్రకార మిత్రుడు నాతో వాదించాడు. అతని వాదంలో బలముంది. కాని గౌరవం ఒక్క వెలుగులోనే ఉంటే, అదే వెలుగులో కూర్చున్న షా గారికి కింద పేరు కూడా ఎందుకు కావలసి వచ్చింది?

అదే కాలంలో జర్మనీలో మరో ఛాయాచిత్రకారుడు ఇదే సమస్యను మరో విధంగా ఎదుర్కొన్నాడు. అతను ఆగస్ట్ సాండర్. 1929లో ‘కాలపు ముఖం’ అనే పుస్తకంలో 60 చిత్రాలు వేశాడు. అతనూ రకాలే తీశాడు. తేడా ఎక్కడుందంటే, రైతు, మిఠాయి వంటవాడు, నిరుద్యోగి ఒక్కొక్క రకమైతే, పారిశ్రామికాధిపతి కూడా ఒక రకమే. వృత్తి పేరు పెట్టినప్పుడు కిందివాడికీ పైవాడికీ ఒకే కొలత వాడాడు. పుటలు తిప్పుతుంటే వర్గసమాజం కళ్ళముందు బారులు తీరుతుంది. ఇది నాజీలకు నచ్చలేదు. జర్మన్ జాతి ఇలా ఉండకూడదని వారి ఆజ్ఞ. 1936లో ఆ పుస్తకం ప్రతులను జప్తు చేసి, అచ్చుపలకలను ధ్వంసం చేశారు. అతని కొడుకు ఎరిక్ వామపక్షవాది. 1934లో జైలుకు వెళ్ళి, 1944లో జైలులోనే చనిపోయాడు.

శ్రామికోద్యమం దీనికి ఇంకొక సమాధానం వెతికింది. బెర్లినులో విల్లీ మ్యూంజెన్‌బెర్గ్ నడిపిన శ్రామికుల సచిత్ర పత్రిక 1926లో కార్మికులనే కెమెరాలు పట్టమని పిలిచింది. 1931లో ఆ పత్రిక మాస్కో కార్మికుడు ఫిలిపోవ్ కుటుంబం గడిపిన ఒక రోజును వరస ఫోటోలుగా వేసింది. తీసినవారు ఆల్పెర్ట్, షైఖెట్, వారి సహచరులు. ‘సోవియట్ కార్మికుడు - ఒక రకం’ అని వేయలేదు. పేరు వేశారు, ఫ్యాక్టరీ పేరు వేశారు, భోజనాల బల్లనూ ట్రాము ప్రయాణాన్నీ చూపించారు. అదే ఏడాది బెర్లిను కార్మికులు తమ వాడలోని ఒక కుటుంబాన్ని ‘జర్మన్ ఫిలిపోవులు’ అంటూ చిత్రించారు. ఇది ఛాయాచిత్ర చరిత్రలో గొప్ప మలుపు. కాని మన ఇంటి లోపాన్ని కూడా మనమే చెప్పుకోవాలి. ఫిలిపోవ్ ఇంటి సుఖాన్ని చూపించిన ఆ బొమ్మలు నాటి సోవియట్ జీవితానికి నిండు సాక్ష్యం కావు. దేశంలో రేషను కార్డులు నడుస్తున్నాయి. 1932-33లో ఉక్రెయిన్ మొదలైన ప్రాంతాలలో ఘోరమైన కరువు వచ్చింది. పేరు వేసినంత మాత్రాన బొమ్మ నిజం చెబుతుందని హామీ లేదు. అయితే పేరున్న బొమ్మను నిలదీయవచ్చు. పేరులేని బొమ్మను ఏ సంగతి అడగాలో కూడా మనకు తెలియదు.

పేరులేకపోవడమంటే ఏమిటో ఒక్క ఉదాహరణ చాలు. 1936లో డొరోతియా లాంగ్ కాలిఫోర్నియాలోని బఠానీ తోటల దగ్గర ఒక కూలితల్లిని తీసిన చిత్రం లోకమంతా తిరిగింది. ఆ బొమ్మ ఆర్థికమాంద్యానికే గుర్తయింది. ఆ తల్లి పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థామ్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, అంటే 42 ఏళ్ళకు. ఆమె చెరొకీ జాతి స్త్రీ అన్న సంగతి కూడా అప్పటిదాకా ఎవరికీ పట్టలేదు. ఆ బొమ్మవల్ల తనకు ఒక్క పెన్నీ కూడా రాలేదని ఆమె చెప్పుకున్నది. లాంగ్ పేదలకు శత్రువు కాదు, మనసారా మిత్రురాలు. మిత్రుల చేతుల్లో కూడా పేర్లు ఇలాగే జారిపోతాయి.

ఇప్పుడు మళ్ళీ హొప్పే దగ్గరకు వద్దాం. అతన్ని లోకం ఎందుకు మరిచిపోయింది? ప్రదర్శన సందర్భంగా చెప్పే కథలో ఇది ఒక దురదృష్టకర ప్రమాదం. 1954లో, 76వ ఏట, అతడు తన చిత్రభండారాన్ని లండనులోని మాన్సెల్ కలెక్షన్ అనే బొమ్మల సంస్థకు అమ్మాడు. పత్రికలకూ ప్రచురణకర్తలకూ బొమ్మలు అద్దెకిచ్చే వ్యాపారం వాళ్ళది. వాళ్ళు బొమ్మలను తీసినవాడి పేరుమీద గాక విషయాన్ని బట్టి సర్దుకున్నారు. ఆ విధంగా హొప్పే చిత్రాలు అల్మారాలలో చెల్లాచెదరై, ఇతరుల బొమ్మలతో కలిసిపోయాయి. 1994లో గ్రాహం హౌ అనే నిర్వాహకుడు వాటిని ఏరి బయటికి తీసి, కుటుంబం దగ్గరున్న కాగితాలతో కలిపిన తరువాతనే హొప్పే మళ్ళీ పుట్టాడు.

నా దృష్టిలో ఇది ప్రమాదం కాదు. సరుకు ధర్మమే ఇది. బొమ్మ కొనేవాడికి ‘బిచ్చగాడు’ కావాలి, ‘భారతదేశం’ కావాలి, ‘జిప్సీ’ కావాలి. బొమ్మలోని మనిషి ఎవరో అతనికి అక్కరలేదు. అదే లెక్కన బొమ్మ తీసిన మనిషి ఎవరో కూడా అక్కరలేదు. ముప్ఫై ఏళ్ళపాటు హొప్పే తాను చూసిన మనుషులను రకాలుగా సర్ది, మార్కెట్టుకు అందించాడు. చివరికి మార్కెట్టు అతన్నీ అదే అల్మారాలో సర్దేసింది. అతడు నలభై ఏళ్ళు అనుభవించిన అనామకత్వాన్ని ఆ పనిమనిషీ, ఆ గుడారంలో ముసలివాడూ మొదటినుంచీ అనుభవిస్తున్నారు. 1994లో హొప్పే పేరు హొప్పేకు తిరిగి వచ్చింది. అది న్యాయం, సంతోషించవలసిందే. కాని సగం న్యాయం. ఆ అల్మారాలలో నుంచి ఒక్క మనిషే బయటికి వచ్చాడు.

ఇదంతా లండను పెద్దల సంగతే అనుకుని మనం గుండెమీద చెయ్యివేసుకుని నిద్రపోవడానికి వీలులేదు. మన సంచికలు తిరగేయండి. వేదికమీది వారి పేర్లు ఎడమనుంచి కుడికి వరసగా వేస్తాం. ఒక్క పేరు తప్పుపడితే వచ్చే సంచికలో సవరణ ప్రకటిస్తాం. కింద నేలమీద కూర్చున్న వేలమంది ‘సభకు తరలివచ్చిన శ్రామిక జనసందోహం.’ అలాంటి వాక్యాలు నేనూ రాశాను. చాలా ఏళ్ళ క్రితం ఒక చిన్న పత్రికకు పనిచేస్తూ, కూలిరేట్ల సభలో పిడికిలెత్తిన ఒకామె బొమ్మను ముఖచిత్రంగా వేసి, కింద ‘పోరాడే పల్లె’ అని రాశాను. ఆ శీర్షికను నలుగురూ మెచ్చుకున్నారు, నేనూ పొంగిపోయాను. తరువాత కొన్నేళ్ళకు ఆమె కొడుకు వెతుక్కుంటూ వచ్చాడు. ‘మా అమ్మ పోయిందండీ. ఇంట్లో ఆమె బొమ్మ ఒక్కటీ లేదు. మీ పుస్తకం మీద పడిందట గదా!’ అన్నాడు. అసలు ఫోటో కోసం రెండు పూటలు వెతికాను. ‘సభలు - జనం’ అనే కవరులో పిడికిలెత్తిన ఆడవాళ్ళు ముగ్గురు దొరికారు. వాళ్ళలో ఆమె ఎవరో నాకు తెలియదు. అతను చూడగానే వేలుపెట్టి చూపించాడు.

మాన్సెల్ కలెక్షన్ అల్మారాకూ, నా కవరుకూ తేడా ఏముందని ఆనాడు నన్ను నేను అడుక్కున్నాను. ఈనాటికీ సరైన జవాబు దొరకలేదు. ఆ బొమ్మకు నకలు తీయించి అతనికిచ్చాను. అసలు బొమ్మ వెనక ఆమె పేరు, ఇంటిపేరు, ఊరు పెన్సిలుతో రాశాను. మిగిలిన ఇద్దరి పేర్లూ ఇంకా రాయవలసే ఉంది.

ఇది ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ప్రతి జిల్లాలో మన సంఘాల దగ్గర, యూనియన్ ఆఫీసులలో, ఉపాధ్యాయుల ఇళ్ళలో ఇలాంటి కవర్లు ఉన్నాయి. ఆ బొమ్మలలోని వాళ్ళను గుర్తుపట్టగలిగిన ముసలివాళ్ళు ఇంకా కొద్దిమంది మిగిలి ఉన్నారు. విద్యార్థులు సెలవుల్లో ఆ బొమ్మలు పట్టుకుని ఆ ఊళ్ళకు వెళ్ళి, ‘ఈమె ఎవరమ్మా?’ అని అడిగి, వెనక రాసుకు రావాలి. అలా రాసిన ప్రతి పేరూ చరిత్ర రచనలో ఒక వాక్యమే. వచ్చే సంచికనుంచి మన బొమ్మల కింద నేలమీద కూర్చున్నవారి పేర్లు కూడా వేయడం మొదలుపెడదాం.